వాన వేసవిలో పచ్చిక ఊపిరి

అమెరికా తూర్పు తీరంలో ఫిలడెల్ఫియా నుంచి వాషింగ్టన్ మీదుగా వర్జీనియా వరకు ఉన్న ప్రాంతాన్ని పచ్చిక శాస్త్రజ్ఞులు సంధి మండలంగా లెక్కిస్తారు. చలిదేశాల గడ్డికి అక్కడి జూలై, ఆగస్టు ఎండలు ఎక్కువ, వేడిదేశాల గడ్డికి అక్కడి జనవరి చలి ఎక్కువ. అందువల్ల ఏ గడ్డి పెంచినా ఏడాదిలో కొన్ని నెలలు దానికి గడ్డుకాలం తప్పదు. తెలుగు నేల మీద ఎండాకాలం, వానాకాలం ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. హైదరాబాదులో ఏడాది మొత్తం వర్షంలో సుమారు నాలుగింట మూడు వంతులు జూన్, సెప్టెంబరు నెలల మధ్యనే కురుస్తుంది. ఫిలడెల్ఫియా వైపు వానకంటూ విడిగా ఒక కాలం లేదు. పన్నెండు నెలలూ ఎంతో కొంత పడుతూనే ఉంటుంది, ఎండ ముదిరే కొద్దీ ఉరుముల వానలు కూడా పెరుగుతాయి. కొన్నేళ్లు ఈ వానలు రోజు విడిచి రోజు కురుస్తూ, మధ్యలో 33, 34 డిగ్రీల ఎండ కాస్తూ, రాత్రివేళ కూడా ఉష్ణోగ్రత 21 డిగ్రీల కిందికి దిగకుండా వారాల తరబడి సాగుతాయి. గోల్ఫ్ మైదానాల బాధ్యత చూసే సూపరింటెండెంట్లు కరవు కంటే ఎక్కువగా బెదిరేది ఇలాంటి వేసవికే.

ఆ భయానికి కారణం సులభంగానే అర్థమవుతుంది. నీరు తక్కువైన చోట గొట్టం పట్టి పోయవచ్చు, ఎంత పోయాలో కొలిచి మరీ పోయవచ్చు. కురిసిన వానను వెనక్కి తీసుకునే సాధనం మాత్రం లేదు. పద్దెనిమిది హోల్స్ ఉన్న మైదానం 60 హెక్టార్లు ఉంటుందనుకుంటే, ఒక్కసారి 25 మిల్లీమీటర్ల వాన పడినా దాని మీద ఒకటిన్నర కోట్ల లీటర్ల నీరు పడినట్టే. ఇందులో ఎక్కువ భాగం ఆట మొదలుపెట్టే టీ, అక్కడి నుంచి సాగే వెడల్పాటి పచ్చిక బాట అయిన ఫెయిర్‌వే, దానికి అటూ ఇటూ ఎత్తుగా పెరగనిచ్చే రఫ్ అనే భాగాల మీద పడుతుంది. అక్కడ గడ్డి కొంత పొడవుగా ఉంటుంది కాబట్టి కొన్నాళ్ల తడిని తట్టుకుంటుంది. అసలు చిక్కు గ్రీన్‌తోనే. బంతిని దొర్లించి గుంతలో వేసే ఈ నున్నని పచ్చిక ఒక్కొక్కటి 500 నుంచి 600 చదరపు మీటర్లు మాత్రమే ఉంటుంది, పద్దెనిమిదీ కలిపినా మైదానంలో నూటికి రెండు వంతులైనా ఉండవు. అయితే మైదానం మొత్తానికి నిర్ణయించిన 72 దెబ్బల లెక్కలో సగం, అంటే 36, ఆ కాస్త జాగాలోనే కొట్టవలసి ఉంటుంది. అక్కడి గడ్డిని రోజూ 3 మిల్లీమీటర్ల ఎత్తుకు కోస్తారు. అంత పొట్టిగా బతికే మొక్కకు ఆకు దాదాపు లేనట్టే, ఆకు లేని మొక్కకు నిల్వ ఆహారమూ తక్కువే.

వాన వేసవిలో గడ్డి ఎందుకు చనిపోతుందో తెలుసుకోవాలంటే ముందుగా నేలలోని ఖాళీల గురించి చెప్పుకోవాలి. మంచి నేలలో దాదాపు సగం పరిమాణం మట్టి రేణువుల మధ్య ఖాళీలే. ఆ ఖాళీల్లో కొన్ని నీటితో, కొన్ని గాలితో నిండి ఉంటాయి. వేరు కూడా శ్వాసిస్తుంది. నేలలోని గాలి నుంచి ఆక్సిజన్ తీసుకుని, ఆకు పంపిన చక్కెరను దానితో దహించి, ఆ శక్తితోనే ఖనిజాలను లోపలికి లాక్కుంటుంది. వాన నీరు ఖాళీలన్నిటినీ నింపేస్తే గాలి బయటికి పోతుంది. నీటిలో ఆక్సిజన్ కదలిక గాలిలో కంటే సుమారు పదివేల రెట్లు నెమ్మది. పైగా లీటరు గాలిలో 280 మిల్లీగ్రాముల వరకు ఆక్సిజన్ ఉంటే, లీటరు నీటిలో 10 డిగ్రీల దగ్గర 11 మిల్లీగ్రాములు, 30 డిగ్రీల దగ్గర ఏడున్నర మిల్లీగ్రాములు మాత్రమే కరుగుతుంది. వేడి పెరిగే కొద్దీ సరఫరా ఇలా తగ్గుతూంటే అవసరం పెరుగుతూ పోతుంది, ఎందుకంటే ప్రతి 10 డిగ్రీల పెరుగుదలకూ వేర్లు, సూక్ష్మజీవులు శ్వాసించే వేగం ఇంచుమించు రెట్టింపవుతుంది. ఏప్రిల్‌లో మూడు రోజులు నీటిలో నానినా చెక్కుచెదరని గ్రీన్ జూలైలో అదే వానకు ఒక్క రోజులో కమిలిపోవడానికి మూలం ఈ రెండు లెక్కల మధ్య తేడాలోనే ఉంది. నీరు గడ్డిని ముంచి చంపదు, దాని వేరుకు ఊపిరాడకుండా చేసి చంపుతుంది. వాన వేసవిలో మైదానం మీద జరిగే ప్రతి పనినీ నేలలోకి గాలి పంపే ప్రయత్నంగా చూస్తేనే దాని అర్థం తెలుస్తుంది.

ఆక్సిజన్ అందని వేరు వెంటనే చావదు. అది చక్కెరను పులియబెట్టి శక్తి పుట్టించుకునే దారి పడుతుంది, కానీ ఆ దారిలో ఒక్కో చక్కెర అణువు నుంచి వచ్చే శక్తి మామూలు శ్వాసక్రియలో వచ్చేదానిలో పదిహేనో వంతుకు మించదు. ఉన్న కాస్త నిల్వా త్వరగా ఖర్చయిపోతుంది. అంతకంటే విచిత్రమైన మార్పు మరొకటి జరుగుతుంది. కణాల చుట్టూ ఉండే పొరల్లో నీరు మాత్రమే దూరగల సూక్ష్మ ద్వారాలు ఉంటాయి. ఆక్వాపోరిన్లు అనే ఈ ప్రోటీన్లను కనుగొన్నందుకే పీటర్ ఆగ్రేకు 2003లో రసాయన శాస్త్రంలో నోబెల్ బహుమతి దక్కింది. ఆక్సిజన్ లేక వేరు కణం లోపలి ద్రవంలో ఆమ్లత పెరగగానే ఈ ద్వారాలు మూసుకుంటాయి. అంటే చుట్టూ నీరు నిండి ఉన్నప్పటికీ వేరు దాన్ని తాగలేని స్థితికి చేరుతుంది. మధ్యాహ్నం మబ్బు విచ్చి ఎండ చురుక్కుమన్నప్పుడు ఆకు నుంచి నీరు ఆవిరవుతుంది, కింది నుంచి మాత్రం అందదు. పచ్చిక నీలి బూడిద రంగుకు తిరిగి, కాలు పెట్టిన చోట అచ్చులు లేవకుండా అలాగే నిలిచి, చూస్తుండగానే వాడిపోతుంది.

పచ్చిక సంరక్షణలో దీనిని తడిలోనే వాడిపోవడం అంటే సరిగ్గా ఉంటుంది. అనుభవం లేని పనివాడు వాడిన గడ్డిని చూసి నీళ్లు పడతాడు, దాంతో గ్రీన్ సాయంత్రానికి పూర్తిగా పోతుంది. అనుభవం ఉన్నవాడు ముందు నేలను పరీక్షిస్తాడు. అందుకు అతనికి రోజూ ఒక అవకాశం దొరుకుతుంది: గ్రీన్ మీద బంతి పడే గుంతను రోజుకొక చోటికి మారుస్తారు, ఆ కొత్త గుంత తవ్వినప్పుడు 108 మిల్లీమీటర్ల వ్యాసం ఉన్న మట్టి దిమ్మ చెక్కు చెదరకుండా పైకి వస్తుంది. దాన్ని నిలువునా విరిచి చూస్తే నేల చరిత్ర అంతా అందులో కనిపిస్తుంది. వేర్లు తెల్లగా, దృఢంగా, చాలా లోతుకు దిగి ఉంటే భయం లేదు. అవి గోధుమ రంగుకు తిరిగి, వేలితో రాస్తే పై తొక్క ఊడివస్తుంటే, పైభాగంలో రెండు మూడు సెంటీమీటర్లకే ఆగిపోతే, వేరు ఇప్పటికే కుళ్లుతోందని తెలుస్తుంది. నల్లని పొర కనబడి కుళ్లిన గుడ్డు వాసన వస్తే పరిస్థితి ఇంకా విషమించినట్టు. ఆక్సిజన్ లేని చోట బతికే బాక్టీరియా సల్ఫేటును హైడ్రోజన్ సల్ఫైడుగా మార్చగా, అది నేలలోని ఇనుముతో కలిసి ఆ నలుపును ఇస్తుంది. ఆ వాయువు వేరుకు విషం. ఇలాంటి నేల మీద వాడిన గడ్డికి చేయగలిగిన ఉపకారం ఆకుల మీద మాత్రం మంచులాంటి పలుచని తుంపర కొట్టి, అది ఆవిరయ్యేటప్పుడు ఆకు వేడిని కొంత తీసుకుపోయేలా చూడడం, గ్రీన్ పక్కన పెద్ద పంకాలు పెట్టి గాలి ఆడించడం. నేలకు మాత్రం ఒక్క చుక్క కూడా అదనంగా చేరకూడదు.

ఇదంతా విన్న తెలుగు పాఠకుడికి వరి గుర్తుకు రావడం సహజం, ఎందుకంటే నెలల తరబడి నీటిలో నిలిచే ఆ పైరు కూడా గడ్డి కుటుంబంలోదే. వరి వేరులో, కాండంలో ఏరెంకైమా అనే గాలి గొట్టాల కణజాలం ఉంటుంది. ఆకుల నుంచి ఆక్సిజన్ ఆ గొట్టాల వెంట వేరు కొస దాకా దిగుతుంది. చలి ప్రాంతాల గ్రీన్‌ల మీద పెంచే క్రీపింగ్ బెంట్‌గ్రాస్‌కు ఆ ఏర్పాటు అంత బలంగా లేదు, మూడు మిల్లీమీటర్లకు కోసిన ఆకు నుంచి కిందికి దిగే గాలి కూడా ఎంతో ఉండదు.

మొక్క చేయలేని పనిని నేల నిర్మాణంతో చేయించవచ్చని అమెరికా గోల్ఫ్ సంఘం 1960లో ప్రచురించిన గ్రీన్ నిర్మాణ పద్ధతి చూపించింది. 1920లో ఏర్పడిన ఆ సంఘపు గ్రీన్ విభాగం నాలుగు దశాబ్దాలు చేసిన పని దాని వెనుక ఉంది. అడుగున నీరు పోయే గొట్టాలు, వాటి మీద 10 సెంటీమీటర్ల కంకర, ఆపైన 30 సెంటీమీటర్ల ఇసుక మిశ్రమం. ఆ ఇసుకలో కనీసం 60 శాతం రేణువులు పావు మిల్లీమీటరు నుంచి ఒక మిల్లీమీటరు మధ్యనే ఉండాలి. రేణువులన్నీ ఇంచుమించు ఒకే పరిమాణంలో ఉంటే వాటి మధ్య ఖాళీలు పూడిపోవు, చిన్నా పెద్దా కలిస్తే పెద్దవాటి సందుల్లో చిన్నవి చేరి గాలి దారి మూసేస్తాయి. నీటికి ఇంత తేలికగా దారి ఇచ్చే ఇసుక రెండు రోజుల ఎండకే ఎండిపోవాలి కదా అనే ప్రశ్నకు జవాబు కంకర పొరలో ఉంది. తడిపి తీగ మీద ఆరేసిన పంచెలో నీరంతా కిందికి జారి, పైభాగం ఆరిపోయాక కూడా అడుగు అంచు మాత్రం తడిగానే మిగులుతుంది, ఎందుకంటే ఆ అంచుకు దిగువన నీటిని లాక్కునే దారాలు లేవు. ఇసుక రేణువుల సన్నని సందుల్లో కేశాకర్షణ వల్ల నిలిచిన నీరు కూడా అలాగే, కంకరలోని వెడల్పాటి ఖాళీల్లోకి వెంటనే దిగక ఇసుక అడుగున నిల్వ ఉంటుంది; పైన వాన పడి నీటి బరువు ఆ పట్టును మించినప్పుడు మాత్రం కంకరలోకి జారి గొట్టాల వెంట బయటికి పోతుంది. ఒకే నిర్మాణం పొడి రోజుల్లో నీటిని దాచి, తడి రోజుల్లో వదిలేస్తుంది. వ్యవసాయ భౌతిక శాస్త్రం ఆటకు ఇచ్చిన కానుకల్లో ఇంత చక్కనిది మరొకటి కనిపించదు.

అయితే అంతకుముందు కట్టిన వేలాది గ్రీన్‌లు అక్కడి మట్టినే గట్టుగా పోసి చేసినవి, వాటిలో చాలావరకు ఇప్పటికీ వాడుకలో ఉన్నాయి. కొత్త పద్ధతిలో కట్టినవి కూడా కాలం గడిచే కొద్దీ పైనుంచి మూసుకుపోతాయి. ఏటా చనిపోయిన కాడలు, వేర్లు ఉపరితలం కింద మెత్తని పీచు పరుపుగా పేరుకుంటాయి. థాచ్ అనే ఈ పొర కొంత వరకు మేలే కానీ, మందం పెరిగిన తర్వాత నీటిని పీల్చి తన దగ్గరే ఉంచుకుని కింద ఇసుక ఎంత బాగున్నా గాలిని పోనివ్వదు. దీనికి విరుగుడు ఇసుక. గ్రీన్ మీద పలుచగా ఇసుక చల్లి పీచు మధ్యలోకి దిగేలా రుద్దడం స్కాట్లండులోని సెయింట్ ఆండ్రూస్ మైదానాన్ని చూసుకున్న ఓల్డ్ టామ్ మోరిస్ పేరుతో ముడిపడిన పాత పద్ధతి. ఆయన 1908లో మరణించినా పద్ధతి మాత్రం మారలేదు. వాన వేసవిలో దీనికి తోడు సన్నని మొనలున్న యంత్రంతో నేలను పొడుస్తారు. పెన్సిలు కంటే సన్నని ఆ రంధ్రాల వల్ల ఆటకు ఇబ్బంది కలగదు, రెండు మూడు రోజుల్లో అవి కనిపించవు కూడా. కానీ లోపల చిక్కుకున్న కార్బన్ డయాక్సైడు బయటికి వచ్చి ఆక్సిజన్ లోపలికి వెళ్లడానికి ఆ కాసిని రోజులు చాలు. ఖర్చుకు వెనకాడని కొన్ని మైదానాల్లో గ్రీన్ అడుగు గొట్టాలకు గాలి యంత్రం తగిలించి నీటిని కిందికి లాగుతారు, లేదా గాలిని పైకి ఊదుతారు. జార్జియాలోని ఆగస్టా నేషనల్ ఇందుకు పేరుపొందింది.

తడి ఒక్కటే అయితే బెంట్‌గ్రాస్ కొంత తట్టుకునేది, దానికి వేడి కూడా తోడవడమే సమస్య. దాని వేర్లు 10 నుంచి 18 డిగ్రీల నేలలో బాగా పెరుగుతాయి. అంతకంటే వేడెక్కితే పెరుగుదల ఆగడమే కాక ఉన్న వేర్లు కూడా తగ్గిపోతాయి. గడ్డి జాతిని వేడికి గురిచేసే ప్రయోగాలు చాలా ఏళ్లు చేసిన బింగ్రూ హువాంగ్, ఆమె సహచరులు గాలి వేడి కంటే వేర్ల చుట్టూ ఉన్న నేల వేడే బెంట్‌గ్రాస్‌ను ఎక్కువగా దెబ్బతీస్తుందని చూపించారు. పొడి నేల రాత్రికి చల్లబడుతుంది. తడి నేల పగటి వేడిని దాచుకుని తెల్లవారే దాకా వదలదు. దీనికి మబ్బు తోడైతే ఆకు తయారుచేసే చక్కెర తగ్గుతుంది, వెచ్చని రాత్రి ఆ తగ్గిన చక్కెరను కూడా శ్వాసక్రియలో ఖర్చు పెట్టిస్తుంది. పైగా వరి, గోధుమల మాదిరిగానే బెంట్‌గ్రాస్ కూడా కార్బన్‌ను మూడు కార్బన్ల సమ్మేళనంగా పట్టుకునే మొక్కల్లో ఒకటి. వేడిలో ఇలాంటి మొక్కల్లో కార్బన్ డయాక్సైడును పట్టవలసిన ఎంజైము పొరపాటున ఆక్సిజన్‌ను పట్టుకోవడం ఎక్కువై, చేసిన కష్టంలో కొంత వృథా అవుతుంది.

ఈ లెక్క తెలిసిన సంరక్షకుడు ముందుగా కోత యంత్రం ఎత్తు పెంచుతాడు. మూడు మిల్లీమీటర్లకు బదులు మూడున్నర అంటే కంటికి తేడా తెలియదు కానీ మొక్కకు ఆకు ఆరో వంతు పెరిగినట్టు. మూడు చక్రాల బరువు యంత్రాన్ని పక్కన పెట్టి చేత్తో నెట్టే తేలిక యంత్రం వాడతారు. నానిన నేల మీద బరువు పడితే చక్రం కింద నేల అణిగి బ్లేడు కాస్త కిందికి దిగి గడ్డిని మొదలంటా గీసేస్తుంది. గ్రీన్ అంచు చుట్టూ యంత్రం రోజూ ఒకే బాటలో తిరుగుతుంది కాబట్టి అక్కడ గడ్డి అన్నిటికంటే ముందు పోతుంది, అందుకే ఆ చుట్టుకోతను రోజు విడిచి రోజు మానేస్తారు. కొన్ని రోజులు కోత పూర్తిగా ఆపి తేలిక రోలరు తిప్పితే బంతి వేగం తగ్గకుండానే మొక్కకు విశ్రాంతి దొరుకుతుంది. ఆటగాళ్ల బండ్లను ఫెయిర్‌వే మీదికి రానివ్వకపోవడం, గుంతను మామూలు కంటే తరచుగా మార్చడం కూడా ఇందులో భాగమే. తడిసిన మట్టిని తొక్కితే రేణువులు ఒకదానిలోకి ఒకటి జారి ఖాళీలు మూసుకుపోతాయి, ఒక్క రోజు తొక్కుడు వల్ల మూసుకున్న ఖాళీలు తెరుచుకోవడానికి నెలలు పట్టవచ్చు.

ఇసుక నింపిన గుంటలైన బంకర్ల సంగతి కొంత వేరు. వాన జోరుకు ఇసుక వాలు మీది నుంచి కొట్టుకుపోయి అడుగున చేరుతుంది, దానితో పాటు మట్టి కలిసి ఇసుక పాడవుతుంది. పంపులతో నీరు తోడి, పారలతో ఇసుకను మళ్లీ పైకి ఎగదోసే పనికి మైదానం సిబ్బంది మొత్తం ఒక పూట పట్టవచ్చు, ఆ పూట మిగతా పనులన్నీ ఆగిపోతాయి.

నేలలో గాలి తగ్గి బలహీనపడిన గడ్డి మీదికి తెగుళ్లు వస్తాయి. వాటిలో అత్యంత వేగమైనది పిథియం వల్ల వచ్చేది. తెలుగు రాష్ట్రాల్లో పొగాకు, మిరప నారుమళ్లు పోసే రైతులకు నారుకుళ్లు తెగులుగా తెలిసినది ఈ పిథియం పనే, రెండు చోట్లా ప్రధాన జాతుల్లో ఒకటైన పిథియం అఫానిడెర్మేటమ్ కూడా ఒకటే. ఇది చూడడానికి బూజులా ఉన్నా నిజమైన శిలీంధ్రం కాదు; గోధుమ రంగు సముద్రపు నాచులకు దగ్గరి బంధువైన జీవి. దీని బీజాలకు రెండు సన్నని తోకలు ఉంటాయి, వాటితో అవి నీటి పొరలో ఈదగలవు. అందుకే రాత్రంతా ఆకు తడిగా ఉండి, ఉష్ణోగ్రత 20 డిగ్రీలు దాటి ఉంటే, నీరు పారిన దారి వెంట, యంత్రం తిరిగిన చాలు వెంట తెల్లవారేసరికి నల్లగా, నూనె పూసినట్టు జిడ్డుగా మారిన గడ్డి చారలుగా కనిపిస్తుంది, దాని మీద దూదిలాంటి తెల్లని పోగులు కూడా ఉంటాయి. నారుమడిలో వాడే మెటలాక్సిల్ జాతి మందునే ఇక్కడా వాడతారు. కానీ మందు కొట్టిన సాయంత్రమే వాన పడితే కడుక్కుపోయే ప్రమాదం ఉంది, నేల నానినప్పుడు మందు యంత్రాన్ని గ్రీన్ మీదికి తేలేని ప్రమాదం ఇంకొకటి. డాలర్ స్పాట్ అనే మరో తెగులు వెండి నాణెమంత మచ్చలతో వస్తుంది, దానికి కావలసింది తెల్లవారుజామున ఆకుల మీద నిలిచే తడి. ఆ తడిలో కొంత ఆకు కొసల నుంచి స్రవించిన చక్కెరలు కలిసిన ద్రవం కాబట్టి అది శిలీంధ్రానికి ఆహారం కూడా. పొద్దున్నే పొడవాటి కర్రతో ఆ తడిని దులపడం, గొట్టాన్ని గడ్డి మీదుగా ఈడ్చడం పాతకాలపు పనుల్లా కనిపించినా ఈ తెగులును నిజంగానే తగ్గిస్తాయి. నత్రజని లేక గడ్డి బక్కచిక్కితే డాలర్ స్పాట్ పెరుగుతుంది, ఎక్కువైతే పిథియం పెరుగుతుంది. వాన నత్రజనిని కిందికి కడిగేస్తుంది కనుక చదరపు మీటరుకు అర గ్రాము చొప్పున వారం వారం ఆకుల మీదే చల్లే పద్ధతి ఈ రెండు ప్రమాదాలకూ మధ్య నడుస్తుంది.

ఇన్ని జాగ్రత్తలకూ ఎదురు నిలిచేది ఆటగాడి కోరిక. ఎడ్వర్డ్ స్టింప్సన్ 1935లో రూపొందించిన, 1970లలో అమెరికా గోల్ఫ్ సంఘం మెరుగుపరిచి పంచిన స్టింప్‌మీటర్ అనే పట్టీని వాలుగా పట్టి, దాని మీద నుంచి బంతిని దొర్లించి అది ఎన్ని అడుగులు వెళ్లిందో కొలుస్తారు. ఆ అంకె ఒక ప్రతిష్ఠ అయిపోయింది. తడిసిన గ్రీన్ మెత్తబడుతుంది, బంతి పడిన చోటే ఆగుతుంది, ఆట సులువవుతుంది. 2011 జూన్‌లో వాషింగ్టన్ శివారు బెథెస్డాలోని కాంగ్రెషనల్ మైదానంలో వానకు మెత్తబడిన గ్రీన్‌ల మీద రోరీ మెకిల్‌రాయ్ 268 దెబ్బలతో, నిర్ణీత సంఖ్యకు 16 తక్కువగా యు.ఎస్. ఓపెన్ గెలిచాడు, ఆ పోటీలో అప్పటివరకు అంత తక్కువ ఎవరూ కొట్టలేదు. అతని నైపుణ్యాన్ని తక్కువ చేయనవసరం లేదు, కానీ నేల తడికి కూడా ఆ అంకెల్లో వాటా ఉంది. పోటీ రోజుల్లో ఇలాంటి గ్రీన్‌ను గట్టిపరచాలని గడ్డిని ఇంకా కిందికి కోయడం, రోలర్లు పదేపదే తిప్పడం మొక్కకు చివరి దెబ్బ అవుతుంది. ఆ ఒత్తిడికి లొంగకుండా ఒక రోజు మైదానం మూసేయమని చెప్పగల సూపరింటెండెంటు ఏ మందూ చేయలేని మేలు చేస్తాడు.

గడ్డినే మార్చేస్తే సరిపోతుందని అనిపించవచ్చు. దక్షిణాది మైదానాల్లో పెంచే బెర్ముడా గడ్డి తెలుగు పొలాల గట్ల మీద, పూజలో వాడే గరికే. జార్జియాలోని టిఫ్టన్‌లో గ్లెన్ బర్టన్ దాన్ని ఆఫ్రికా జాతితో సంకరపరిచి 1956లో టిఫ్‌గ్రీన్, 1960లో టిఫ్‌వే వంటి రకాలు తీశాడు. అదే శాస్త్రజ్ఞుడు అక్కడే రూపొందించిన టిఫ్ట్ 23ఎ అనే సజ్జ రకాన్ని తల్లిగా వాడి పంజాబులో 1965లో తొలి సంకర సజ్జ హెచ్‌బి-1ను విడుదల చేశారు, భారతదేశపు మెట్ట రైతుకు అది గోల్ఫ్ కంటే ఎంతో పెద్ద ఉపకారం. గరిక జొన్న, చెరకుల్లాగే వేడిని ఇష్టపడుతుంది, 35 డిగ్రీల్లో కూడా చక్కెర తయారీ తగ్గదు. కానీ దానికి పూర్తి ఎండ కావాలి. వారాల తరబడి మబ్బు పట్టిన వేసవిలో అది పలుచబడుతుంది, సంధి మండలంలో తీవ్రమైన చలి వచ్చిన శీతకాలంలో చచ్చిపోతుంది కూడా.

సెప్టెంబరు వచ్చి రాత్రులు చల్లబడగానే బెంట్‌గ్రాస్ కొత్త వేర్లు వేయడం మొదలుపెడుతుంది, వేసవిలో పడిన నష్టాన్ని సరిచేసే అసలు పని అప్పుడే జరగాలి. బోలు మొనలతో నేలలోంచి మట్టి కడ్డీలు పైకి తీసి, ఆ రంధ్రాలను ఇసుకతో నింపి, పోయిన చోట్ల విత్తనం చల్లుతారు. 12 మిల్లీమీటర్ల మొనతో 5 సెంటీమీటర్ల ఎడంలో పొడిస్తే ఉపరితలంలో నాలుగున్నర శాతం మాత్రమే మారుతుంది, కాబట్టి ఒక్కసారి చేసి ఊరుకుంటే చాలదు, మళ్లీ వసంతంలోనూ చేయాలి. ఆటకు అన్నిటికంటే అనువైన వాతావరణం సరిగ్గా ఆ వారాల్లోనే ఉంటుంది గనుక క్లబ్బు సభ్యులు దీనికి అడ్డుచెప్పడం సాధారణం, వాయిదా వేయించడం కూడా జరుగుతుంది; వాయిదా పడితే మరుసటి వేసవికి పీచు పొర యథాతథంగా మిగులుతుంది. రంధ్రాల్లో పోసే ఇసుక బాగా పొడిగా ఉంటేనే అడుగుకు దిగుతుంది, తడి ఇసుక పైభాగంలోనే అడ్డుపడి కింద ఖాళీ మిగిలిపోతుంది, అందువల్ల ఆ పనికి వాన లేని రెండు రోజులు ముందుగా చూసుకోవాలి.